మనస్సు నూతనమగుట: జాన్ న్యూటన్ గారి నలువది సంవత్సరములు

(వేదపాఠము: రోమా 12:1, 2)



మన ఉజ్జీవ కూటములలో తరచుగా వినబడు కథ యొకటి కలదు. ఇంగ్లాండు దేశములో జాన్ న్యూటన్ అను నావికుడుండెననియు, అతడు ఆఫ్రికా ప్రజలను ఓడలో తీసికొనిపోయి బానిసలుగా అమ్ముచుండెననియు, ఒక రాత్రి సముద్రములో గొప్ప తుపాను లేవగా దేవునికి మొఱ్ఱపెట్టెననియు, ప్రభువు ఆ రాత్రియే అతని హృదయమును మార్చగా ఓడలోని బానిసలను విడిచిపెట్టి ‘అమేజింగ్ గ్రేస్’ అను కీర్తన వ్రాసెననియు ప్రసంగీకులు చెప్పుదురు. నేనును చాల సంవత్సరములు ఆలాగే చెప్పితిని. వినువారు కన్నీళ్లు తుడుచుకొనుచుండగా నాకును సంతోషముగా నుండెడిది.

కాని న్యూటన్ గారి చరిత్రను శ్రద్ధతో చదివిన తరువాత, సంగతి అట్లు జరుగలేదని తెలిసికొంటిని. తుపాను 1748వ సంవత్సరము మార్చి నెలలో వచ్చినది. ఆ తుపానులో చిక్కిన ఓడలో బానిసలే లేరు. ఆ కీర్తన 1773 జనవరి 1వ తేదీ ఆరాధన కొరకు సిద్ధపరచబడినది. బానిస వర్తకము ఘోరమైన దుష్కార్యమనియు, తాను దానిలో పాలుపొందితిననియు న్యూటన్ గారు లోకమెదుట ఒప్పుకొనినది 1788లో. అనగా, తుపానుకును ఈ ఒప్పుకోలుకును నడుమ నలువది సంవత్సరములు గడచినవి.

ఆ నలువది సంవత్సరములలో ఏమి జరిగెను? ప్రభువును ఎరిగిన మనిషికి అంత పెద్ద పాపము అన్ని ఏండ్లు ఎందుకు కనబడలేదు? ఇది ఇంగ్లాండు దేశస్థుల చరిత్ర మాత్రమే కాదు. మనస్సు నూతనము కావలెనని పౌలు రోమా సంఘమునకు వ్రాసిన మాటకు అర్థమేమో దీనివలన మనకు తెలియగలదు. కాబట్టి ఓపికతో వినవలెనని కోరుచున్నాను.

1. తల్లి ప్రార్థన, కుమారుని దారి

జాన్ న్యూటన్ 1725వ సంవత్సరములో లండను పట్టణములో థేమ్సు నది ఒడ్డున నున్న వాపింగ్ అను చోట పుట్టెను. తల్లి భక్తురాలు. పసితనముననే అతనికి లేఖనములను, కీర్తనలను కంఠస్థము చేయించెను. కుమారుడు దైవసేవకుడు కావలెనని ఆమె ఆశ. కాని క్షయవ్యాధివలన 1732లో, అతనికి ఏడు సంవత్సరములైనను నిండకమునుపే, ఆమె చనిపోయెను. తండ్రి ఓడ కెప్టెను. పదునొకండవ ఏట తండ్రితో కూడ అతడు సముద్రమెక్కెను.

తరువాత అతని నడక చెడెను. విశ్వాసమును విడిచి, దేవుని నామమును దూషించుటయేగాక తోటివారి విశ్వాసమును పాడుచేయుటకు పూనుకొనెను. 1744లో అతనిని బలవంతముగా యుద్ధనౌకలో చేర్చిరి. అక్కడనుండి పారిపోగా పట్టుకొని అందరి యెదుట కొరడాలతో కొట్టిరి. పిమ్మట అతడు పశ్చిమ ఆఫ్రికాకు పోవు వర్తకపు ఓడ యెక్కి, సియర్రా లియోను తీరమున ప్లాంటేన్ దీవులలో నున్న ఒక బానిస వర్తకునియొద్ద కొలువు కుదిరెను.

అక్కడ అతడు జ్వరపడెను. ఆ వర్తకునితో కాపురముండిన స్త్రీ అతనిని హీనముగా చూచి, త్రాగుటకు నీళ్లు సైతము సరిగా ఇయ్యనీయలేదు. ఆకలికి తాళలేక అతడు రాత్రివేళ తోటలోని దుంపలు పెరికి పచ్చివే తినెను. అట్టి దినములలో, సంకెళ్లలో నున్న కొందరు బానిసలు తమకు పెట్టబడిన కొద్దిపాటి ఆహారములోనుండి కొంత తీసి, ఎవరును చూడకుండ అతనికి తెచ్చి యిచ్చిరి. ఈ సంగతిని న్యూటన్ గారే తరువాత వ్రాసెను. చదువరులు దీనిని మనస్సునందుంచుకొనవలెను. సంకెళ్లలో నున్నవారు అతనికి అన్నము పెట్టిరి.

2. తుపాను

1747లో గ్రేహౌండ్ అను ఓడ కెప్టెను అతనిని వెదకి కనుగొనెను. ఆ ఓడ బంగారము, దంతము, తేనెమైనము, రంగుచెక్క కొనుటకు వచ్చినది. తిరుగు ప్రయాణములో, 1748 మార్చిలో, అట్లాంటికు మహాసముద్రము మీద ఒక రాత్రి పెనుగాలి కొట్టెను. పడకలోనున్న న్యూటన్ మీదికి నీళ్లు విరుచుకొనిపడెను. అతడు పైకి ఎక్కబోవుచుండగా కత్తి తెమ్మని కెప్టెను వెనుకకు పంపెను. అతనికి బదులుగా పైకెక్కిన మరియొకనిని అల వెంటనే సముద్రములోనికి ఈడ్చుకొనిపోయెను.

తెల్లవారుజామున మూడు గంటలనుండి ఇంచుమించు మధ్యాహ్నము వరకు న్యూటన్ నీళ్లు తోడు పంపువద్ద నిలిచెను. మిగిలినవారికి ధైర్యము చెప్పుచు, ఇది కూడ పనికిరానిచో ప్రభువే మనలను కరుణించవలెనని అనాలోచితముగా నోరు జారెను. ఆ మాట తన నోట వచ్చినందుకు అతడే ఉలికిపడెను. దేవుని ఎగతాళి చేసిన నాకు కరుణ ఎక్కడిదని అతని హృదయము అడిగెను. పిమ్మట అర్ధరాత్రి వరకు చుక్కాని పట్టుకొని నిలిచి, తల్లి నేర్పిన వాక్యములను ఒక్కొక్కటిగా జ్ఞాపకము చేసికొనెను. తేలికయైన తేనెమైనము, చెక్క ఉండుటవలన ఓడ మునుగలేదు. ఏప్రిల్ 8వ తేదీన వారు ఐర్లాండు తీరము చేరిరి.

ఇది నిజమైన మార్పు. దానిని మనము తక్కువ చేయరాదు. దూషణ మాటలు అతని నోట ఆగిపోయెను. అతడు ప్రార్థించుట మొదలుపెట్టెను. ఐర్లాండులో గుడికి వెళ్లి ప్రభురాత్రి భోజనములో పాలుపొందెను. తాను చనిపోవువరకు ఆ మార్చి దినమును జ్ఞాపకము చేసికొనుచుండెను. అయినను, ఆ కాలమునందు తాను సంపూర్ణమైన అర్థములో విశ్వాసిననుకొనజాలనని తరువాత తానే వ్రాసెను. హృదయము దేవునివైపు తిరిగినది; మనస్సు ఇంక పాత మనస్సే.

3. ప్రార్థించుచు బానిసలను కొనిన మనిషి

తుపాను గడచిన ఏడాదిలోపలనే న్యూటన్ బానిసల ఓడలో కెప్టెను తరువాతివాడుగా ఆఫ్రికాకు వెళ్లెను. 1750లో తాను ప్రేమించిన మేరీని పెండ్లాడెను. ఆ సంవత్సరమునుండి 1754 వరకు మూడు పర్యాయములు తానే కెప్టెనుగా బానిసల ఓడలు నడిపెను.

ఆ ఓడ మీద ఆదివారము ఆరాధన జరిగెడిది. కెప్టెనే నావికులను కూర్చి ప్రార్థన నడిపించెడివాడు. తీరికవేళ లాటిను నేర్చుకొనెడివాడు, వేదము చదివెడివాడు, భార్యకు ప్రేమతో ఉత్తరములు వ్రాసెడివాడు. అతని కాళ్లక్రింద నున్న పలకల అడుగున ఏమి యుండెను? సరిగా నిలువబడుటకైనను ఎత్తు చాలని చీకటి గదులు. మగవారిని ఇద్దరిద్దరిని కలిపి చేతులకు, కాళ్లకు సంకెళ్లు వేసి వరుసలుగా పరుండబెట్టిరి. ఒకడు కదలవలెనన్న రెండవవానికి నొప్పి. గాలి లేదు, వేడి, దుర్వాసన, రోగము. అట్టి ఓడలలో కొన్ని ఉదయములలో, చనిపోయినవానితో కలిపి సంకెల వేయబడియున్న బ్రదికినవాడు కనబడెడివాడు. తిరుగుబాటునకు కుట్ర పన్నిరను అనుమానముతో కొందరు బానిస బాలురను బొటనవ్రేళ్లను నొక్కు ఇనుప మరలలో పెట్టించితినని న్యూటన్ తన ఓడ దినచర్యలో స్వహస్తముతో వ్రాసికొనెను.

మూడవ ప్రయాణమునుండి 1754లో తిరిగి వచ్చినప్పుడు, ఆ ప్రయాణములో ఒక్క ప్రాణమైనను పోలేదని లివర్‌పూల్ ఆలయములలో దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించెను. సముద్రపు అవతల దిగవిడిచి అమ్మివచ్చిన మనుష్యుల కన్నీళ్లు ఆ స్తుతిలో లేవు.

ఇతడు వేషధారియా? నేను బాగుగా ఆలోచించితిని. వేషధారి కాడు. అతడు ప్రార్థించిన ప్రార్థన నిజమైనదే. ఎల్లప్పుడు సంకెళ్లతోను గొలుసులతోను పనియైన ఆ ఉద్యోగము అప్పుడప్పుడు అతనికి రోతగా తోచి, ఇంతకంటె దయగల పని చూపుమని దేవుని అడిగెను కూడ. కాని అది పాపమను తలంపు అతనికి రాలేదు. దేవుడు తనకు నియమించిన జీవనోపాధియని అనుకొనెను. వేషధారికి తన పాపము తెలియును, దాచుకొనును. న్యూటన్‌కు తెలియనే లేదు. భయపడవలసిన సంగతి ఇదియే. సంకెళ్లలో నున్నవారు తనకు పెట్టిన అన్నమును తిని, అట్టివారినే సంకెళ్లలో పెట్టుచు, మోకాళ్లూని ప్రార్థింపగల మనస్సు మనుష్యునికి ఉండగలదు.

4. పౌలు ఎవరికి వ్రాసెను?

లోకపు అచ్చులో పోయబడక, మనస్సు క్రొత్తదగుటవలన మార్పు చెందవలెనని పౌలు చెప్పిన మాట అన్యులకు వ్రాసినది కాదు. బాప్తిస్మము పొంది ప్రభువు బల్లయొద్ద కూర్చుండిన రోమా సంఘస్థులకు వ్రాసినది. రక్షణ పొందినవారికి ఇంక మార్పు ఎందుకని ఆయన అనుకొనలేదు.

ఇంకొక సంగతి. గ్రీకు మూలములో ఇక్కడ ఉన్న క్రియ ఒక్కసారి జరిగి ముగియు పనిని చెప్పునది కాదు. నిత్యము జరుగుచుండవలసిన పనిని చెప్పును. కొండమీద మన ప్రభువు రూపాంతరము పొందినప్పుడు మత్తయి వాడిన క్రియయు ఇదియే. ఇట్లు మారిన మనస్సుతో చేయవలసిన పనిని కూడ పౌలు చెప్పుచున్నాడు: దేవుని చిత్తమేదో పరీక్షించి తెలిసికొనవలెను. కంసాలి బంగారమును గీటురాతి మీద గీసి చూచునట్లు, మనము మంచిదనుకొను ప్రతి ఆచారమును వాక్యము మీద గీసి చూడవలెను. న్యూటన్ తన ఉద్యోగమును గీసి చూడలేదు. అందరును బంగారమే అనుచుండగా అతడును బంగారమే అనుకొనెను.

తన కన్నులకు గంతలు కట్టినవి మూడు అని 1793లో ఆయన తానే వ్రాసెను. మొదటిది వాడుక: అది ఎంతో కాలమునుండి జరుగుచున్న వర్తకము. రెండవది ఇతరుల మాదిరి: పెద్దలు, గౌరవస్థులు, గుడిలో ముందు వరుసను కూర్చుండువారు దానిని చేయుచుండిరి. మూడవది లాభము: లివర్‌పూల్ పట్టణము ఆ వర్తకమువలన ధనము గడించుచుండెను, న్యూటన్ కుటుంబము ఆ జీతముమీద బ్రదుకుచుండెను. ఈ మూడు గంతలు కట్టియున్నప్పుడు వేదము చదివినను అక్షరములు కనబడునుగాని తన పాపము కనబడదు.

5. గంతలు విడిన విధము

1754 నవంబరులో, నాలుగవ ప్రయాణమునకు సిద్ధమగుచుండగా, న్యూటన్ ఇంటియొద్ద అకస్మాత్తుగా మూర్ఛపోయెను. వైద్యులు సముద్రము మీదికి పోవద్దనిరి. ఆయన ఆ పని మానినది మనస్సాక్షివలన కాదు, అనారోగ్యమువలన. బిడ్డకు నిప్పని తెలియకమునుపే తల్లి చేయి పట్టి వెనుకకు లాగునట్లు దేవుడు ఆయనను మొదట వెనుకకు లాగెను. తరువాత మెల్లగా నేర్పెను.

ఎట్లు నేర్పెను? మొదటిది, సహవాసముచేత. కడపటి ప్రయాణములో సెయింట్ కిట్స్ దీవిలో అలెగ్జాండర్ క్లూనీ అను భక్తుడైన కెప్టెను ఆయనకు కనబడి, ఇంచుమించు నెలదినములు రాత్రివేళ కూర్చుండి కృపను గూర్చి బోధించెను. రెండవది, వాక్యముచేత. లివర్‌పూల్ రేవులో పన్నుల అధికారిగా పనిచేయుచు ఆయన గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకొనెను. దైవసేవకు 1758లో అడుగగా నిరాకరించిరి. ఆరు సంవత్సరములు కనిపెట్టి 1764లో అభిషేకము పొంది ఓల్నీ అను చిన్న ఊరి సంఘమునకు వెళ్లెను.

ఓల్నీ ప్రజలు బీదవారు. మన నరసాపురము ప్రాంతపు స్త్రీలవలె అక్కడి స్త్రీలు, బిడ్డలు కూడ ఇండ్లలో కూర్చుండి లేసు అల్లి బ్రదికెడివారు. పదునారు సంవత్సరములు న్యూటన్ గారు వారి ఇండ్లకు వెళ్లి వారి కష్టములు వినెను, పిల్లలను చేర్చి వేదకథలు చెప్పెను, ప్రార్థనకూటములు నడిపెను. కవియైన విలియం కూపర్ అక్కడనే ఆయనకు స్నేహితుడాయెను. వారిద్దరు వ్రాసిన కీర్తనలు 1779లో ‘ఓల్నీ హిమ్స్’ అను పేర అచ్చుపడెను. ప్రసిద్ధమైన ఆ కృపాకీర్తన వాటిలో ఒకటి. దావీదు దేవునియెదుట కూర్చుండి, నేనెంతటివాడనని ఆశ్చర్యపడిన మొదటి దినవృత్తాంతములు 17వ అధ్యాయము దానికి ఆధారము.

అయినను గమనింపుడి. 1764లో ఆయన తన జీవితచరిత్రను ప్రకటించెను. ఎందరో చదివిరి. దానిలో తన దూషణలను, తన దుర్నడతను ఒప్పుకొనెనుగాని బానిస వర్తకమును పాపముగా ఒప్పుకొనలేదు. 1773 నాటి కీర్తనలో తాను నికృష్టుడనని పాడెనుగాని దానిలోను సంకెళ్ల మాట లేదు. కృపను గూర్చి అంత తియ్యగా పాడిన నోరు ఈ ఒక్క సంగతిలో ఇంకను మూగగా నుండెను. దేవుడు తొందరపడలేదు, విడిచిపెట్టనూ లేదు.

1780లో న్యూటన్ గారు లండనులోని ఒక సంఘమునకు కాపరిగా వెళ్లెను. 1785 డిసెంబరులో ఒక యౌవనస్థుడు ఎవరికిని తెలియకుండ ఆయనయొద్దకు వచ్చెను. అతడు ఇరువదియారేండ్ల పార్లమెంటు సభ్యుడు విలియం విల్బర్‌ఫోర్స్. ప్రభువును క్రొత్తగా ఎరిగి, రాజకీయములు విడువవలెనా అని అడుగవచ్చెను. విడువవద్దనియు, దేవుడు నిన్ను అక్కడనే వాడుకొనుననియు న్యూటన్ గారు చెప్పెను.

ఆ సంవత్సరములలోనే ఇతరులు మొఱ్ఱపెట్టుచుండిరి. జాన్ వెస్లీ గారు 1774లోనే బానిసత్వమునకు విరోధముగా ఒక చిన్న పుస్తకము వ్రాసియుండెను. క్వేకర్లను భక్తులు 1783లో పార్లమెంటునకు అర్జీ పెట్టిరి. ఒకప్పుడు తానే బానిసగానుండి తన్నుతాను విడిపించుకొనిన ఒలౌడా ఈక్వియానో వంటి ఆఫ్రికావారు తమ కథను తామే చెప్పుకొనుట మొదలుపెట్టిరి. 1787 మే 22వ తేదీన పండ్రెండుగురు కూడి ఈ వర్తకమును మాన్పించుటకు లండనులో ఒక సంఘము స్థాపించిరి. వారిలో తొమ్మండుగురు క్వేకర్లు. ఈ స్వరములన్నియు న్యూటన్ గారి చెవిని పడినవి.

1788లో, తన అరువదిరెండవ ఏట, ఆయన ఆఫ్రికా బానిస వర్తకమును గూర్చి ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. ఇట్లు ఒప్పుకొనుట ఆలస్యమైనదనియు, ఒకప్పుడు తాను చేతులార చేసిన పనిని తలంచినప్పుడు ఇప్పుడు తన గుండె వణకుచున్నదనియు, అది తనకు జీవితాంతము సిగ్గుగా నుండుననియు వ్రాసెను. సాధారణమైన మాటలతో ఊరుకొనలేదు. ఓడ అడుగు గదుల ఎత్తు ఎంతో, సంకెళ్లు ఎట్లు వేయుదురో, స్త్రీలకు ఏ అవమానము జరుగునో వ్రాసెను. ఒక చిన్న పడవలో కొనబడిన తల్లి చేతిలోని ఏడాది బిడ్డ రాత్రి ఏడ్చి నిద్ర చెడగొట్టినదని, ఓడ ఉద్యోగి యొకడు ఆ బిడ్డను లాగి సముద్రములో పారవేసిన సంగతిని కూడ వ్రాసెను. ఆ పుస్తకము పార్లమెంటు సభ్యులకు పంపబడెను. ఆ సంవత్సరమందు రాజుగారి ఆలోచనసభ యెదుటను, 1790లో పార్లమెంటు కమిటీ యెదుటను ఆయన నిలిచి, నేను చూచితిని, నేను చేసితినని సాక్ష్యమిచ్చెను. ఓడ యజమానులు ఏమి చెప్పినను, ఓడ నడిపినవాడే లేచి చెప్పిన సాక్ష్యమును ఎవరు త్రోసివేయగలరు?

1791లో విల్బర్‌ఫోర్స్ గారి బిల్లు 163 ఓట్లకు 88 ఓట్లతో ఓడిపోయెను. వారు విడువలేదు. 1807లో 283 మంది అనుకూలముగాను, 16 మంది మాత్రమే ప్రతికూలముగాను ఓటు చేయగా, మార్చి 25వ తేదీన బానిస వర్తకమును మాన్పించు చట్టము అమలు పొందుటకు రాజుగారి సమ్మతి దొరికెను. చూపు మందగించిన ముసలి న్యూటన్ గారు ఆ దినము చూచుటకు బ్రదికియుండెను. ఆ సంవత్సరమే డిసెంబరు 21వ తేదీన, 82వ ఏట ప్రభువునందు నిద్రించెను. బ్రిటిషు వలసలలో బానిసలుగా నున్నవారికి విడుదల కలిగించు చట్టము 1833లో వచ్చెను.

6. నా గంతలు

ఇంతవరకు ఇంగ్లాండు సంగతి చెప్పితిని. ఇప్పుడు నా సంగతి చెప్పనియ్యుడి.

నేను సెమినరీ చదువు ముగించి సంఘసేవకు వచ్చిన సంవత్సరము నాకు వివాహమైనది. మా పెద్దలు కట్నము మాటలాడిరి. మా మామగారు ఎకరము పొలమును, పాలిచ్చు గేదెను అమ్మి ఆ డబ్బు తెచ్చెను. నేను అడుగలేదు, కాదనలేదు. పెద్దలు చేసినది గదా అని మౌనముగా నుంటిని. పెండ్లి ఆరాధనలో మాకొరకు ప్రార్థించిన దైవసేవకులలో ఒక్కరును దానిని తప్పుగా చూడలేదు. వాడుక, మాదిరి, లాభము: మూడు గంతలును నా కన్నులకు చక్కగా అమరినవి.

కొన్ని సంవత్సరముల తరువాత మా సంఘములోని ఒక కూలివాడు వచ్చి, “అయ్యగారూ, అమ్మాయి పెళ్లి కుదిరింది. కట్నం డబ్బు సమకూడేట్టు ప్రార్థన చెయ్యండి” అని అడిగెను. నేను అతని తలమీద చేయి పెట్టి ప్రార్థించితిని. డబ్బు సమకూర్చుమని ప్రభువును వేడుకొంటిని. అతడు వడ్డీకి అప్పు తెచ్చెను. నా ప్రార్థన ఫలించినదని నేను సంతోషించితిని.

న్యూటన్ తన మూడవ ప్రయాణమునకై గుడిలో స్తుతి చెల్లించిన సంగతి చదివిన రాత్రి, ఆ ప్రార్థన నాకు జ్ఞాపకము వచ్చెను. పుస్తకము మూసి, నా భార్యను పిలిచి, మీ నాన్నగారి పొలము విషయములో నేను పాపము చేసితినని చెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, “మీకిప్పుడు తెలిసింది. నాకు ఆ రోజే తెలుసు” అనెను. మా మామగారు అప్పటికే ప్రభువు సన్నిధికి వెళ్లియుండిరి. ఆయన చేతులు పట్టుకొని ఒప్పుకొనుటకు ఆలస్యమైపోయెను.

తరువాతి ఆదివారము సంఘము ఎదుట నిలిచి ఒప్పుకొంటిని. ఆ కూలివాని ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగితిని. మా కుమారుని వివాహములో ఏమియు పుచ్చుకొనలేదు. ఇప్పుడు రెండు కుటుంబములవారు కట్నము లేదని నా యెదుట చెప్పనిదే నేను పెండ్లి జరిగింపను. ఇందుకు కోపించి వేరొక చోటికి వెళ్లినవారును ఉన్నారు. కట్నమును నిషేధించు చట్టము మన దేశములో 1961లోనే వచ్చినది. దొరతనమువారి చట్టముకంటె నా మనస్సు అంత వెనుకబడియుండుట నాకు సిగ్గు.

7. మన సంఘములకు

మన పితరులు ఈ విషయములో మనకు మంచి మాదిరి చూపిరి. ఒంగోలు సంఘము 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమందితో ఏర్పడినది. ఆ దినములలో ప్రభువును నమ్మిన మన పెద్దలు చచ్చిన పశువు మాంసము మానిరి, జాతరలో డప్పు కొట్టమనిరి, ఆదివారము పనికి పోమనిరి. అందువలన కూలి పోయెను, దెబ్బలు తగిలెను, బావియొద్దకు రానీయలేదు. తరతరముల వాడుకను వారు వాక్యము మీద గీసి చూచి, నష్టమునకు ఓర్చుకొనిరి. అక్షరము రానివారు సైతము మనస్సు నూతనమగుట యేమో ఎరిగిరి.

మరి మనము? వారి మనుమల మనుమలమైన మనము కులము చూడక సంబంధము కలుపుచున్నామా? ప్రభువు బల్లయొద్ద ఒకే పాత్రలోనిది త్రాగి, ఇంటికి వెళ్లిన తరువాత ఫలానావారితో వియ్యమందమని చెప్పుచున్న విశ్వాసులు లేరా? ఒక సంఘమువారైనను సమాధుల స్థలములో వరుసలు వేరుగా కోరువారు లేరా? కోడలు తెచ్చిన దానిని లెక్కించి, సాయంకాలము కుటుంబ ప్రార్థనలో ఆమెచేతనే పాట పాడించు ఇండ్లు లేవా? వీరందరును వేషధారులని నేననను. వారి ప్రార్థన నిజమైనదే కావచ్చును. న్యూటన్ ప్రార్థనయు నిజమైనదే.

ప్రియులారా, మూడు పనులు చేయుదము.

ఒకటి, అందరును చేయుచున్నారు, ఎప్పటినుండియో ఉన్నది, లాభముగా నున్నది అను మూడును కలిసిన చోటనే ఆగి, దీనిని ప్రభువు ఎట్లు చూచుచున్నాడని అడుగుదము. ఈ మూడును కలిసినచోట మన కన్నులను నమ్మరాదు.

రెండు, నొప్పిపడువాని మాట విందము. న్యూటన్ గారు గ్రీకు, హెబ్రీ నేర్చిన తరువాతను, బానిసల పక్షమున లేచిన స్వరములు వినువరకు ఆయన నోరు తెరువబడలేదు. మన ఇంటి కోడలికి, మన పొలములోని కూలివానికి, మన సంఘములో వెనుక వరుసను కూర్చుండు సహోదరికి మన పాపము మనకంటె ముందుగా తెలియును. వారిని అడుగుదము. వారు చెప్పునప్పుడు కోపపడక ఊరకుందము.

మూడు, తెలిసిన దినముననే ఒప్పుకొని, సరిచేయగలిగినది సరిచేయుదము. జక్కయ్య తన ఇంట ప్రభువు కూర్చుండియుండగానే లెక్క సరిచూచుకొనెను. న్యూటన్ గారు కొన్నివారిని తిరిగి తేలేకపోయెను. అయినను తన సిగ్గునే సాక్ష్యముగా చేసి, రాబోవువారిని తప్పించుటకు దానిని ఇచ్చెను.

ఆలస్యమైనదని ఎవరును అధైర్యపడవద్దు. నలువది సంవత్సరములు ఓర్చుకొని ఒక మనుష్యుని నడిపించిన దేవుడు నిన్నును నన్నును విడువడు. కాని ఆ నలువది సంవత్సరములలో ఎందరు సంకెళ్లలో చనిపోయిరో మరువవద్దు. దేవుని ఓర్పును మన సోమరితనమునకు సాకుగా చేసికొనరాదు.

ప్రార్థన: ప్రభువా, నీవు మా హృదయమును మార్చితివి, నీకు స్తోత్రము. మా మనస్సును కూడ నూతనపరచుము. మాకు కనబడని మా పాపమును మాకు చూపుము. మావలన నొప్పిపడినవారి మాట వినుటకు మాకు చెవులిమ్ము. ఆలస్యము కాకమునుపే ఒప్పుకొనుటకు ధైర్యమిమ్ము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.